కీర్తనలతో ప్రార్థించడం ఎలా? ఒంటరిగా, ఇంట్లో, సంఘంలో: సమగ్ర మార్గదర్శి

"రోజూ ఒక కీర్తన చదువుతాను. తర్వాత బైబిలు మూసేసి నా ప్రార్థన నేను చేసుకుంటాను. ఈ రెండూ కలిసేదెలా?" నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఇదే. కూడికలో అడుగుతారు, ఫోన్‌లో అడుగుతారు, ప్రార్థన అయ్యాక చెప్పులు వేసుకుంటూ కూడా అడుగుతారు.

చిక్కంతా ఆ "మూసేసి" దగ్గరే ఉంది. కీర్తనతో ప్రార్థించడమంటే బైబిలు తెరిచి ఉంచి, మాట ముందు కీర్తనను అననిచ్చి, తర్వాత మనం అనడం. ఈ వరుస ఒక్కటి పట్టుబడితే మిగతాది అలవాటు మీద వస్తుంది. ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆగాలో, ఎక్కడ తడబడతామో కింద ఒక్కొక్కటిగా రాశాను.

## 1. ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

పెద్ద సరంజామా ఏమీ అక్కర్లేదు.

- కాగితపు బైబిలు ఒకటి. ఫోన్‌లో చదవడం తప్పు కాదు గానీ, ప్రార్థన మధ్యలో నోటిఫికేషన్ వస్తే మనసు అటే పోతుంది. ఫోన్ తప్పనిసరైతే ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి.
- పెన్సిలు. పెన్ను వద్దు. ఈ ఏడు గీసిన గీత వచ్చే ఏడు తప్పనిపించవచ్చు.
- వాడుక తెలుగులో ఉన్న అనువాదం ఒకటి పక్కన. పాత అనువాదంలో లయ బాగుంటుంది, కానీ "కేడెము", "శైలము", "హిస్సోపు" దగ్గర కొత్తవాళ్లు ఆగిపోతారు. కేడెం అంటే డాలు. శైలం అంటే ఇక్కడ ఆశ్రయమిచ్చే బండ. హిస్సోపు ఒక మొక్క, శుద్ధి చేసే ఆచారాల్లో దాని రెమ్మతో చిలకరించేవారు.
- పావుగంట. చాలా కీర్తనలు చదవడానికి రెండు నిమిషాలు కూడా పట్టవు. మిగతా సమయమంతా ప్రార్థనకే.

చదవబోయే ముందు మూడు సంగతులు తెలిసి ఉండాలి.

పేరు. మన సంఘాల్లో "కీర్తన" అంటే రెండు అర్థాలు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట ఒకటి, బైబిల్లోని కీర్తన మరొకటి. "23వ కీర్తన తీయండి" అనగానే సగం మంది పాటల పుస్తకం తెరవడం నేను చూశాను. ఆరాధన నడిపేవారు "బైబిల్లో కీర్తనల గ్రంథము 23" అని విడమరిచి చెప్పాలి.

శీర్షిక. 1వ వచనానికి పైన చిన్నగా ఉండే "ప్రధానగాయకునికి", "దైవధ్యానము", "యాత్రకీర్తన" లాంటి మాటలను దాటేయకండి. అవి అచ్చువేసినవాళ్లు చేర్చినవి కావు, హెబ్రీ ప్రతుల్లోనే ఉన్నాయి. 51వ కీర్తన శీర్షికలో దావీదు బత్షెబతో చేసిన పాపం సంగతి ఉంది. అది చదవకుండా 51 చదివితే ఆ ఏడుపు ఎందుకో అర్థం కాదు. ఇంకో మాట, అన్నీ దావీదు కీర్తనలు కావు. 150లో ఆయన పేరు శీర్షికలో ఉన్నవి 73. ఆసాపు, కోరహు కుమారులు, మోషే పేర్లతో కూడా ఉన్నాయి.

సెలా. కొన్ని కీర్తనల్లో వచనాల చివర కనబడే మాట ఇది. దీన్ని పైకి చదవాలా అని అడుగుతుంటారు. అక్కర్లేదు. దాని అర్థం పండితులకే పూర్తిగా తేలలేదు. సంగీతానికి సంబంధించిన గుర్తు అని ఎక్కువమంది అనుకుంటారు. అది వచ్చినచోట ఒక ఊపిరి తీసుకుని ఆగండి, చాలు.

## 2. ఏ కీర్తన ఎంచుకోవాలి?

కళ్లు మూసుకుని బైబిలు తెరిచి, వేలు ఎక్కడ పడితే అది చదివే అలవాటు కొందరిలో ఉంది. మానేయండి. దానికంటే పనికొచ్చే పద్ధతులు రెండున్నాయి.

తేదీ పద్ధతి. ఈరోజు తేదీ తీసుకోండి. దానికి 30 చొప్పున కలుపుతూ పోండి. 7వ తేదీ అయితే 7, 37, 67, 97, 127. ఐదింటి మొదటి నాలుగు వచనాలు చూసి, ఆ రోజు మనసుకు ఏది దగ్గరైతే దానితో ప్రార్థించండి. ఐదూ పూర్తిగా చదివే ఓపిక ఉంటే 30 రోజుల్లో మొత్తం గ్రంథం అయిపోతుంది. ఒక్క 29వ తేదీన 119 వస్తుంది. అది 176 వచనాలు కాబట్టి దాన్ని 31వ తేదీకి వాయిదా వేసుకోండి.

ఈ పద్ధతిలో నాకు నచ్చేది ఒకటే. మనం ఎన్నడూ ఎంచుకోని కీర్తనలు వాటంతటవే మన ముందుకొస్తాయి. మన ఇళ్లలో వాడేవి లెక్కపెడితే 23, 51, 91, 103, 121 తర్వాత వేళ్లు ఆగిపోతాయి.

అవసరం పద్ధతి. ఏదైనా తటస్థించినప్పుడు దీన్ని చూడండి.

- భయం, టెన్షన్: 27, 46, 56
- పాపపు ఒప్పుకోలు: 32, 51, 130
- జబ్బు: 6, 38, 41
- ఉద్యోగం కోసమో, సంబంధం కోసమో, జవాబు కోసమో ఎదురుచూపు: 13, 40, 130
- దగ్గరివాళ్లు మోసం చేసినప్పుడు: 41, 55
- అన్యాయం చేసినవాడు బాగుపడుతుంటే: 37, 73, 94
- మనసు కుంగినప్పుడు: 42, 43, 88
- ముసలితనం: 71
- మేలు జరిగినప్పుడు: 30, 103, 116, 138
- ప్రయాణం: 121
- పెళ్లి: 128. కోత పండుగ: 65, 67, 126. మరణం జరిగిన ఇల్లు: 23, 90
- ఉదయం: 3, 5, 63. రాత్రి: 4, 134, 141

మొదలుపెట్టేవాళ్లు 9వ భాగంలోని మొదటి వారం పట్టిక అయ్యాక, ఒక నెల తేదీ పద్ధతిలోనే ఉండండి. అవసరం వచ్చినప్పుడు మాత్రం రెండోది.

## 3. ప్రార్థన మెట్లు, వరుసగా

వరుస మార్చకండి. చాలామంది నేరుగా ఐదో మెట్టు ఎక్కి జారిపడతారు.

మెట్టు 1: ఒక నిమిషం ఊరకుండండి. "ప్రభువా, ఈ మాటలు నా నోట పెట్టు" అని ఒక్క వాక్యం చెప్పుకుంటే సరిపోతుంది.

మెట్టు 2: కీర్తన మొత్తం పైకి చదవండి. కళ్లతో కాదు, నోటితో. కీర్తనలో చాలా వచనాలకు రెండు పాదాలుంటాయి. మొదటి పాదం ఒక మాట అంటుంది, రెండోది దాన్నే ఇంకోలా అనడమో, పెంచడమో, ఎదురు చెప్పడమో చేస్తుంది. "నీ వాక్యము నా పాదములకు దీపమును / నా త్రోవకు వెలుగునై యున్నది." ఆ గీత ఉన్నచోట ఒక క్షణం ఆగండి. పాత అనువాదంలో చాలాచోట్ల అక్కడ కామా కూడా ఉండదు, కాబట్టి పెన్సిలుతో మీరే గీత పెట్టుకోండి.

మెట్టు 3: ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో చూడండి. కీర్తనలో మాట అటూ ఇటూ తిరుగుతుంది. 23లో మొదటి మూడు వచనాలు దేవుని గురించి "ఆయన" అంటాయి. గాఢాంధకారపు లోయలో అడుగుపెట్టగానే "నీవు నాకు తోడై యుందువు" అని దేవునితోనే మాట్లాడడం మొదలవుతుంది. 103లో కీర్తనకారుడు తన ప్రాణంతోనే మాట్లాడుకుంటాడు. 2లో దేవుడే మాట్లాడతాడు. ఇది గమనించకపోతే దేవుడు మనతో అన్న మాటను మనం దేవుడికి చెప్పేస్తుంటాం.

మెట్టు 4: మలుపు పట్టుకోండి. "నేనైతే", "అయినను", "కాబట్టి" లాంటి మాటల దగ్గర కీర్తన తిరుగుతుంది. 73లో అసూయతో కుతకుతలాడిన మనిషి 17వ వచనంలో దేవుని పరిశుద్ధ స్థలంలోకి వెళ్లగానే మారతాడు. మలుపు పక్కన బాణం గుర్తు పెట్టండి. మలుపు లేని కీర్తనలూ ఉన్నాయి, వాటి సంగతి 5వ భాగంలో.

మెట్టు 5: ఇప్పుడు రెండోసారి. ఒక వచనం చదవండి, ఆగండి, దాన్ని మీ మాటల్లో దేవునికి చెప్పండి. అసలు పని ఇక్కడే. కీర్తనను గ్రాంథికంలో చదవండి, ప్రార్థన మాత్రం ఇంట్లో మాట్లాడే తెలుగులో చేయండి. "నాకు లేమి కలుగదు" అని చదివాక, "దయచేయుము తండ్రీ, అనుగ్రహించుము తండ్రీ" అని సాగదీయొద్దు. "తండ్రీ, పిల్లల ఫీజు కట్టాలి, చేతిలో లేదు. నువ్వు కాపరివని ఇప్పుడే చదివాను. నమ్మడం కష్టంగా ఉంది, సాయం చెయ్యి" అనండి.

కీర్తనలో "యెహోవా" ఉన్నచోట మీ నోట "ప్రభువా" అనో "తండ్రీ" అనో వస్తే సంకోచించకండి. కొత్త నిబంధన కూడా ఈ వచనాలు ఎత్తి చెప్పేటప్పుడు "ప్రభువు" అనే అంటుంది.

ఒక వచనం అర్థం కాకపోతే దాటి ముందుకెళ్లండి. ప్రార్థన మధ్యలో వ్యాఖ్యానం వెతకొద్దు. గుర్తు పెట్టుకుని సాయంత్రం చూసుకోవచ్చు.

మెట్టు 6: మీకు సరిపోని వచనాన్ని ఇంకొకరికి ఇవ్వండి. ఈరోజు మీరు సంతోషంగా ఉన్నారు, కీర్తన ఏడుస్తోంది. అయితే ఆ ఏడుపు ఎవరిది? ఆసుపత్రిలో ఉన్న పెద్దమ్మదా, పంట పోయిన పక్కింటి రైతుదా? వాళ్ల పేరు పెట్టి ఆ వచనాన్ని వాళ్ల తరఫున చెప్పండి. "నాకు వర్తించదు" అని కీర్తనను మూసేయాల్సిన రోజు ఇక ఉండదు.

మెట్టు 7: యేసు నోట విని చూడండి. ఆయన పెరిగింది ఈ ప్రార్థనల్లోనే. సిలువ మీద ఆయన పలికిన "నా దేవా నా దేవా" 22వ కీర్తన మొదటి మాట. తన ఆత్మను తండ్రి చేతికి అప్పగించిన మాట 31:5. చివరి భోజనం తర్వాత శిష్యులతో కలిసి కీర్తన పాడి ఒలీవల కొండకు వెళ్లాడని మత్తయి రాశాడు. మీరు చదివిన కీర్తనను ఆయన చెప్పి ఉంటే ఎలా ఉండేదో ఒక నిమిషం ఆలోచించండి. దావీదు కుమారుడిగా, తీర్పరిగా, నిందలు మోసినవాడిగా ఏదో ఒక చోట ఆయన కనబడతాడు. కనబడకపోతే లాగి తీసుకురావొద్దు.

మెట్టు 8: ఒక పాదం వెంట తీసుకెళ్లండి. వచనం మొత్తం కాదు, ఒక్క పాదం. బస్సులో, వంటింట్లో, మీటింగుకి ముందు అదే అనుకోండి.

## 4. చేసి చూద్దాం: 13వ కీర్తన

ఆరు వచనాలే కాబట్టి నేర్చుకోవడానికి దీనికంటే మంచిది లేదు. ఉద్యోగం పోయి నాలుగు నెలలైన ఒక మనిషి దీనితో ప్రార్థిస్తున్నాడనుకుందాం.

మొదట చూడాల్సింది. శీర్షికలో "ప్రధానగాయకునికి" అని ఉంది. అంటే ఈ ఏడుపు ఒకరి గదిలో ఉండిపోలేదు, నలుగురిలో పాడుకునే పాటయింది. ఆరు వచనాలు రెండేసి చొప్పున మూడు ముక్కలు. 1, 2 ఫిర్యాదు. 3, 4 విన్నపం. 5, 6 నమ్మకం. మలుపు 5వ వచనంలో "నేనైతే" దగ్గర.

1, 2 వచనాలు. "యెహోవా, ఎంతకాలము నన్ను మరచిపోవుదువు? నిత్యము మరచెదవా?" ఆ "ఎంతకాలము" ఒకసారి అని ఊరుకోలేదు, మళ్లీ మళ్లీ కొడుతుంది. ప్రార్థన ఇలా ఉండొచ్చు: "ప్రభువా, నాలుగు నెలలైంది. ఎన్ని కాల్స్ చేశాను, ఎన్ని ఇంటర్వ్యూలకు వెళ్లాను. నన్ను మర్చిపోయావా? రాత్రి రెండింటికి లేచి పైకప్పు చూస్తూ పడుకుంటున్నాను. నాతో పని చేసినవాళ్లు కొత్త ఉద్యోగాల ఫొటోలు పెడుతున్నారు. ఇంకెంతకాలం?"

ఇక్కడ చాలామంది భయపడి "అయినా స్తోత్రం" అని వెంటనే చేర్చేస్తారు. చేర్చకండి. కీర్తనలో ఇంకా ఆ మాట రాలేదు. దావీదు రెండు వచనాలు పట్టించుకున్న బాధను మీరు రెండు నిమిషాలైనా పట్టించుకోండి.

3, 4 వచనాలు. దృష్టి ఉంచు, జవాబివ్వు, నా కన్నులకు వెలుగివ్వు. అడిగేవి మూడే. "ప్రభువా, నా వైపు చూడు. ఏదో ఒక జవాబివ్వు. నా కళ్లలో వెలుగు పోయింది, ఇంట్లోవాళ్లకు కూడా తెలిసిపోతోంది. ఈ వారం ఒక తలుపు తెరువు. నేను పడిపోయానని నవ్వుకునేవాళ్లకు ఆ అవకాశం ఇవ్వకు." ఇక్కడ పేర్లు, తేదీలు చెప్పండి. ఊరికే "ఆశీర్వదించు" అంటే ఏది అడిగారో మీకే తెలియదు.

5, 6 వచనాలు. "నేనైతే నీ కృపయందు నమ్మిక యుంచియున్నాను." పరిస్థితి మారిందని కీర్తన ఎక్కడా చెప్పలేదు. శత్రువు ఇంకా అక్కడే ఉన్నాడు. అందుకే ఈ ముక్కను నిజాయితీగా చెప్పండి: "ఉద్యోగం ఇంకా రాలేదు. అయినా పోయినసారి అప్పుల్లో ఉన్నప్పుడు నువ్వు విడిచిపెట్టలేదు. ఆ కృప మీదే ఆనుకుంటున్నాను." నోటికి పాట వస్తే పాడండి. రాకపోతే ఆ వచనాన్ని మరొకసారి చదివి ఆపేయండి. ఈరోజు "నేనైతే" వరకు రాలేకపోతే రేపు మళ్లీ ఇదే కీర్తన తీయండి, తేదీ పద్ధతి ఎక్కడికీ పోదు.

మొత్తం పన్నెండు నిమిషాలు పడుతుంది.

## 5. నోరు రాని కీర్తనలు

గ్రంథంలో అన్నిటికంటే ఎక్కువగా ఉన్నవి మొరలే, స్తుతులు కావు. మన ఆరాధనల్లో మాత్రం తలకిందులు. ఏడ్చేవాడికి సంఘంలో మాటలు దొరక్కపోతే వాడు సంఘానికి రావడం మానేస్తాడు. అందుకే ఈ భాగం దాటేయొద్దు.

చీకట్లో ముగిసేవి. 88వ కీర్తనకు మలుపు లేదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ఆగిపోతుంది. దీన్ని చదివేటప్పుడు చివర 23 అతికించకండి. దీర్ఘకాలిక జబ్బుతో ఉన్నవాళ్ల దగ్గర, మనసు కుంగినవాళ్ల దగ్గర ఇది చదివి మౌనంగా కూర్చోండి. మొదటి వచనంలో ఇతనూ దేవునికే మొరపెడుతున్నాడన్నది ఒక్కటే ఇక్కడ దొరికే ఆధారం. నిద్ర, తిండి మానేసిన స్థితిలో ఉన్నవాళ్లను డాక్టరు దగ్గరికి కూడా తీసుకెళ్లండి. కీర్తన దానికి అడ్డం కాదు.

శాపాలు ఉన్నవి. 35, 58, 69, 83, 109, 137. బబులోను పసిపిల్లల గురించి 137 చివరి వచనం చదివి ఉలిక్కిపడని వాడు సరిగ్గా చదవలేదన్నమాట. వీటితో ఎలా ప్రార్థించాలి?

1. ఇది ఎవరి గొంతో చూడండి. 137 ఇల్లు, గుడి, పిల్లలను పోగొట్టుకుని చెరలోకి వెళ్లినవాళ్ల గొంతు. ఏసీ గదిలో కూర్చున్న మన గొంతు కాదు.
2. పగ ఎక్కడ పెట్టారో చూడండి. కత్తి తీయలేదు, దేవుని ముందు పెట్టారు. "పగ తీర్చుట నా పని" అన్న మాట రోమా పత్రికలో మళ్లీ వచ్చేది ఇందుకే.
3. మీకు అన్యాయం జరిగితే కోపాన్ని దాచకుండా చెప్పండి, తీర్పును దేవునికి వదలండి. ఆ తర్వాత "మీ శత్రువులను ప్రేమించుడి" అన్న మాట కూడా చదవండి. ఆ వరుసలోనే. కోపం చెప్పకుండా ప్రేమకు దూకితే కోపం లోపలే ఉండిపోతుంది.
4. తోడికోడలి మీద, పక్క సంఘం పాస్టరు గారి మీద, ఆస్తి తగాదాలో ఉన్న అన్న మీద 109 ప్రయోగించొద్దు. "ఉపవాసం ఉండి 109 చదివితే వాళ్లకు జరుగుతుంది" అనే మాట మన ఊళ్లలో వినబడుతుంది. అది ప్రార్థన కాదు, చేతబడి.

## 6. కుటుంబ ప్రార్థనలో

రాత్రి తొమ్మిదింటికి, నిద్రమత్తులో ఉన్న పిల్లలతో చేసే ప్రార్థనకు వేరే కొలత కావాలి.

- పది నిమిషాలు దాటొద్దు. పెద్ద కీర్తన అయితే ఎనిమిది వచనాలే.
- ఒక్కరే చదవకుండా తలా రెండు వచనాలు. చదవడం రాని నాయనమ్మకు పల్లవి ఇవ్వండి. 136లో 26 వచనాల్లోనూ "ఆయన కృప నిరంతరముండును" వస్తుంది, నాలుగేళ్ల పిల్లాడు కూడా అందుకుంటాడు. 42, 43 కీర్తనల్లో "నా ప్రాణమా, నీవేల క్రుంగియున్నావు?" మూడుసార్లు వస్తుంది, అది పెద్ద పిల్లలకు.
- చదివాక ప్రసంగం వద్దు. ఒకే ప్రశ్న అడగండి: "ఇందులో ఏ మాట ఈరోజు నీది?" పిల్లలు చెప్పిన మాటనే పట్టుకుని ప్రార్థించండి.
- పిల్లల తప్పులు సరిదిద్దడానికి కీర్తన వాడొద్దు. 51 చదివి, చివర్లో కళ్లు తెరిచి పిల్లాడి వైపు చూసే తండ్రులను చూశాను. ఆ పిల్లలకు 51 జీవితాంతం శిక్షలాగే వినబడుతుంది.
- రాత్రికి 4వ కీర్తన 8వ వచనం కంఠస్థం చేయించండి. నెమ్మదితో పండుకొని నిద్రపోవడం గురించిన మాట, దీపం ఆర్పేముందు సరిగ్గా సరిపోతుంది.

## 7. ఆదివారం ఆరాధనలో

ఎక్కడ పెట్టాలి? ఆరాధన మొదట్లో పిలుపుగా 95, 100. ఒప్పుకోలు దగ్గర 32, 51, 130. కానుకల వేళ 116. ముగింపులో 67, 121, 134. కతోలిక పూజలో మొదటి పఠనం తర్వాత కీర్తన ఎలాగూ ఉంటుంది, అక్కడ సభ చేయాల్సిన పని పల్లవిని నెమ్మదిగా, కలిసికట్టుగా అనడం.

ఉత్తరప్రత్యుత్తరంగా చదవడం. కాపరి ఒక వచనం, సంఘం ఒక వచనం. ఇది బాగా రావాలంటే:

- శనివారమే కీర్తన పైకి చదివి చూసుకోండి. నోరు తిరగని మాట ఆదివారం బయటపడకూడదు.
- అందరి దగ్గరా ఒకే అనువాదం ఉండాలి. సగం మంది చేతిలో పాతది, సగం మంది ఫోన్‌లో కొత్తది ఉంటే ఆ చదువు సంతలా ఉంటుంది. తెరమీద వేయడమో, ప్రింటు ఇవ్వడమో చేయండి.
- సంఘం ముగించిన ఒక క్షణానికి గానీ కాపరి అందుకోకూడదు. మైకు ఉన్నవాళ్ల గొంతు లేనివాళ్లను తొక్కేస్తుంది.
- వచనాలు బేసి, సరిగా పంచడం అన్నిచోట్లా కుదరదు. వాక్యం రెండు వచనాలకు సాగితే దాన్ని ఒకరికే ఇవ్వండి.
- అయిపోయాక అరనిమిషం మౌనం. కీబోర్డు కూడా వద్దు. పాత క్రమం పాటించే సంఘాల్లో "తండ్రికిని కుమారునికిని పరిశుద్ధాత్మకును మహిమ" అని ముగిస్తారు, మిగతావారికీ అది మంచి అలవాటే.

నెలకొక మొర. ప్రతి నెలా ఒక ఆదివారం 13, 42, 77, 88లో ఒకటి చదివించండి. మొదటిసారి సభ ఇబ్బంది పడుతుంది. మూడోసారికి బయట ఎవరో ఒకరు వచ్చి చేయి పట్టుకుంటారు.

## 8. తరచుగా చేసే తప్పులు, సవరణలు

వాగ్దాన కార్డు చదువు. డిసెంబరు 31 రాత్రి తీసుకున్న కార్డులో 37:4 వచ్చింది, "ఆయన నీ హృదయవాంఛలను తీర్చును." ఏడాదంతా కారు కోసం అదే ఎత్తి చూపిస్తాం. సవరణ: కార్డు వచ్చిన రాత్రే కీర్తన మొత్తం చదవండి. 37 మొదలయ్యేదే చెడ్డవారి బాగును చూసి కుళ్లుకోవద్దని. వెంటనే 7వ వచనంలో మౌనంగా కనిపెట్టుకోమంటుంది. అప్పుడు ఆ వాంఛ ఏదో మనకే మళ్లీ ఆలోచించాలనిపిస్తుంది.

91ని తాయెత్తు చేయడం. దిండు కింద, బండి డాష్‌బోర్డు మీద, పిల్లల మెడలో. ఈ తప్పు నేనూ చేశాను. రోడ్డు ప్రమాదంలో కొడుకు పోయిన ఇంటికి పరామర్శకు వెళ్లి, అలవాటు కొద్దీ 91 తీసి "అపాయము నీయొద్దకు రాదు" అని చదివేశాను. సగంలో ఆ తల్లి నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. తర్వాత గానీ తట్టలేదు, దేవాలయ శిఖరం మీద సాతాను యేసుకు ఎత్తి చూపింది ఈ కీర్తనే అని. సవరణ: 91ని దేవుని నీడలో ఉండే కోరికగా ప్రార్థించండి, ఏమీ జరగదనే గ్యారంటీ పత్రంగా కాదు. చావు ఇంట్లో 90 గానీ 23 గానీ చదవండి.

పరుగు. లెక్క కోసం ఐదు కీర్తనలు ఐదు నిమిషాల్లో. సవరణ: ఒకటే తీసుకుని ప్రతి పాదం దగ్గరా ఊపిరి తీసుకోండి.

ఒకే గొంతు. అన్నీ స్తుతి గొంతుతోనో, అన్నీ ఏడుపు గొంతుతోనో చదవడం. సవరణ: మెట్టు 3, 4 మళ్లీ చేయండి.

"నా శత్రువు" అంటే ఎవరో ఒకరి ముఖం అతికించడం. సవరణ: ముందు "నేను ఎవరికైనా ఆ శత్రువునా?" అని అడగండి. 139 చివరి రెండు వచనాలు, నన్ను పరిశోధించుము అనేవి, దీనికి మంచి మందు. ఆ వచనాలకు సరిగ్గా ముందే దావీదు తన శత్రువుల మీద మండిపడుతున్నాడు.

ఏమీ అనిపించకపోవడం. ఇది తప్పు కాదు, కానీ దీనివల్లే ఎక్కువమంది ఆపేస్తారు. అనిపించకపోయినా పైకి చదవండి, మెట్టు 6 ప్రకారం ఇంకొకరి కోసం చెప్పండి.

## 9. మొదటి వారానికి పట్టిక

తేదీ పద్ధతిలోకి వెళ్లే ముందు ఒక్క వారం వీటితో చేతులు అలవాటు చేసుకోండి.

- సోమవారం: 13. పై ఉదాహరణ చూస్తూ చేయండి.
- మంగళవారం: 23. "ఆయన" నుంచి "నీవు"కు మారే చోట ఆగండి.
- బుధవారం: 32. మౌనంగా దాచినప్పుడు ఏమైందో, ఒప్పుకున్నాక ఏమైందో.
- గురువారం: 73. మలుపు 17వ వచనం.
- శుక్రవారం: 22. యేసు నోట వింటూ. నెమ్మదిగా, సగమే అయినా ఫరవాలేదు.
- శనివారం: 4, రాత్రి పడక మీద.
- ఆదివారం: 100, గుడికి బయలుదేరే ముందు ఇంట్లో అందరూ కలిసి.

ప్రతిరోజూ ముగించేటప్పుడు చూసుకోవాల్సినవి:

- పైకి చదివానా?
- మలుపు దొరికిందా, లేక లేదని గమనించానా?
- కనీసం మూడు వచనాలను నా సొంత మాటల్లో చెప్పానా?
- ఒక్కరి పేరైనా పెట్టి ప్రార్థించానా?
- ఒక పాదం వెంట తీసుకెళ్తున్నానా?

ఐదింటిలో మూడు అయితే ఆ రోజు బాగా జరిగినట్టే. ఒక రోజు తప్పితే మర్నాడు రెండు రోజులవి కలిపి చేయకండి, అది అప్పు తీర్చినట్టు ఉంటుంది. 12వ తేదీ తప్పిందా, 13న 13, 43, 73, 103, 133లో ఒకటి తీసుకోండి. 12వ కీర్తన వచ్చే నెల 12న మళ్లీ వస్తుంది.